ఇంటివద్ద మోటారుసైకిలు పోషణము



నాకిప్పుడు అరువదియేడేండ్లు. ముప్పదినాలుగేండ్లు పల్లెటూరి పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణమును, తర్కమును గురుముఖమున చదువుకొన్న వానికి మోటారుసైకిలుతో నేమి పనియని మీలో కొందరికి తోచవచ్చును. నాకును ఒకప్పుడు అట్లే తోచినది. పాఠశాలకు పోవుటకు బండి కొంటినే గాని దానిలో నేమున్నదో యెన్నడును వంగి చూచినవాడను కాను. చూడక తప్పని దినమొకటి వచ్చినది. దానిని గూర్చియే మొదట విన్నవించెదను.

ఆరేండ్ల క్రిందట శ్రావణమాసమున నొకనాటి రాత్రి మా వీధిలోని రైతొకడు చేనికి నీరు పెట్టబోయి పాముకాటునకు గురియయ్యెను. అతని తమ్ముడు పరుగున వచ్చి నా తలుపు తట్టెను. 108 బండికి కబురు చేసితిమి. వాగు చుట్టి వచ్చుటకు ఆలస్యమగునని తెలిసి, మనమే ఎదురుగా తీసికొనిపోదమని నిశ్చయించుకొంటిమి. రోగిని నడుమ నుంచి, తమ్ముడు వెనుక పట్టుకొనగా, నేను బండి నడిపితిని. బండిలో పెట్రోలు తక్కువగా నుండుటచే మీటను రిజర్వు వైపునకు త్రిప్పితిని. ఊరు దాటి చింతతోపు చేరునంతలో యంత్రము రెండు మారులు దగ్గి ఆగిపోయినది. ఎన్ని తన్నులు తన్నినను ఉలుకలేదు, పలుకలేదు. చీకటిలో ఆ మనుష్యుని నోటినుండి మాట తడబడుచుండగా నేను చేష్టలుడిగి నిలువబడితిని. దైవవశమున పొరుగూరి కుర్రవాడొకడు బండిపై వచ్చి వారిని తీసికొనిపోయి 108 కి అందించెను. ఆసుపత్రిలో విషమునకు విరుగుడు మందెక్కించిరి. అతడు బ్రదికెను. కాని ఆ చింతతోపు క్రింద నేను పడిన సిగ్గు నన్ను విడువలేదు.

మరునాడు పట్టణమునుండి మరమ్మతు చేయువాడు వచ్చి కార్బురేటరు గిన్నె అడుగుననున్న మరను సడలించి, అందున్నదానిని గాజుగ్లాసులో పట్టి నాకు చూపెను. పైన పెట్రోలు, అడుగున నీరు, రెండు పొరలుగా తేటపడి యున్నవి. నీరు పెట్రోలుకంటె బరువైనది గాన టాంకి అడుగునకు చేరును. మామూలు స్థానమున మీట యున్నప్పుడు పెట్రోలు కొంచెము ఎత్తుననున్న గొట్టమునుండి వచ్చును. రిజర్వునకు త్రిప్పగానే అడుగునుండి వచ్చును. నేను త్రిప్పిన త్రిప్పుతో అడుగుననున్న నీరంతయు యంత్రమునకు పోయినది. ఆ నీరెక్కడిది? టాంకిమూతలోని రబ్బరు వలయము ఎండి పగిలినది. బండిని నేను రెండునెలలు వానలో నిలిపితిని. తప్పు యంత్రమునది కాదు, నాది. అల్పమూల్యమైన వలయమును చూచుకొననందున ఒక ప్రాణము గడ్డిపరకపై నిలిచినది. నాటినుండి ఈ విద్యను శ్రద్ధతో నేర్చుకొంటిని.

మీలో పెక్కుమంది బండి నడుపకపోవచ్చును. కాని మీ యింటి ముంగిట నొకటి నిలిచియే యున్నది. దానిపై మీ కుమారుడో మనుమడో దూరప్రయాణములు చేయుచున్నాడు. ఎడ్లబండి కాలమున ఇరుసునకు కందెన పెట్టకుండ బండి కట్టనిచ్చితిరా? లాడములు చూడకుండ ఎడ్లను సంతకు తోలితిరా? ఆ కన్నే యిచ్చటను కావలసినది. వస్తువు మారినది గాని ధర్మము మారలేదు.

ముందు యంత్రమెట్లు నడుచునో సంగ్రహముగా తెలిసికొందము. 1876వ సంవత్సరమున జర్మనీ దేశమున నికోలౌస్ ఆటో అనునతడు నాలుగు నడకల యంత్రమును నిర్మించెను. 1885లో ఆ దేశముననే గాట్‌లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మైబాహ్ అను నిరువురు అట్టి యంత్రమును కొయ్యచట్రముగల బండికి అమర్చిరి. అది ఒరుగకుండ ఇరుప్రక్కల రెండు చిన్నచక్రములు కూడ నుండెను. మన దక్షిణదేశమున 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ యేర్పడి బుల్లెట్ బండ్లను తయారుచేయ నారంభించినది. నాటి బండికిని నేటి బండికిని రూపభేదమెంత యున్నను, లోపలి నాలుగు నడకలు అవియే.

రోటిలో రోకలివలె సిలిండరులో పిస్టను క్రిందికిని మీదికిని ఆడుచుండును. మొదట క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చును. రెండవసారి మీది కెక్కుచు వానిని అదుమును. అప్పుడు స్పార్కుప్లగ్గు నిప్పురవ్వ వేయగా అవి మండి పిస్టనును క్రిందికి నెట్టును. ఇదియే బండికి బలము. నాలుగవసారి మీది కెక్కుచు పొగను బయటికి త్రోయును. పీల్చుట, అదుముట, మండుట, విడుచుట: ఇంతే. కావున యంత్రము నడువవలెనన్న మూడు కావలెను: తగుపాళ్లలో గాలి పెట్రోలు, సకాలమున నిప్పురవ్వ, లోపల బిగువు. బండి కదలనప్పుడు ఈ మూటిలో నేది లోపించినదని విచారించుటయే చికిత్సకు మొదలు.

తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని రెండు కలవు. ఇది యున్న అది యుండును; ఇది లేకున్న అది యుండదు. మరమ్మతునకు ఇంతకంటె మంచి సూత్రము లేదు. దీనినుండి పుట్టిన నియమమొకటి చెప్పుచున్నాను: ఒక్కసారికి ఒక్కటియే మార్చవలెను. ప్లగ్గు మార్చి, వెంటనే కార్బురేటరు మర త్రిప్పి, తీగ కూడ కదల్చినచో, బండి కదలినను ఎందువలన కదలినదో తెలియదు. కదలకున్నచో క్రొత్తదోషము కూడ చేరియుండవచ్చును.

పనికి పూనుకొనుటకు ముందు జాగ్రత్తలు కొన్ని గలవు. పెట్రోలు ఉన్నచోట చుట్ట, బీడి, దీపము కూడవు. మూసిన గదిలో యంత్రమును నడుపరాదు. ఆ పొగలో వాసనలేని విషవాయువు కలదు, అది మనుష్యుని నిద్రపుచ్చినట్లే చంపును. బండిని చదునైన నేలపై నడిమి స్టాండుపై గట్టిగా నిలుపవలెను. వేడిగానున్న సైలెన్సరు దరికి పిల్లలను రానీయరాదు.

బండి కదలదనుకొందము. మొదట చిన్నవానిని చూడుడు. పెట్రోలు ఉన్నదా? మీట తెరచియున్నదా? చేతికఱ్ఱ మీది ఆపుడు స్విచ్చి పొరపాటున నొక్కబడినదా? క్రొత్తబండ్లలో ప్రక్కస్టాండు దింపియున్నను యంత్రము పలుకకపోవచ్చును. ఈ చిన్నవి చూడక పెద్దవి విప్పినవారిని నేను పలుమారులు చూచితిని. పిదప కిక్కుమీటను చేతితో మెల్లగా నొక్కుడు. ఒకచోట ఎదురుబిగువు తగులవలెను. తగులక వదులుగా జారిపోయినచో లోపల కవాటములో పిస్టను వలయములో చెడినవని యనుమానించి, పని తెలిసినవానికి అప్పగింపవలెను.

బిగువున్నచో స్పార్కుప్లగ్గును విప్పి దాని మొనను చూడుడు. వైద్యుడు నాలుకను చూచినట్లు ఇది. మొన లేతగోధుమ వన్నెగా నున్న ఆరోగ్యము. పొడిగా నుండి పెట్రోలు వాసన లేనిచో పెట్రోలు అందుటలేదు. తడిసియున్నచో పెట్రోలు వచ్చుచున్నది గాని రవ్వ లేదు, లేదా పెట్రోలు మితిమీరినది. పొడిమసి పట్టియున్నచో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. గాలి వడపోతకు దుమ్ము పట్టియుండును. జిడ్డుగల నలుపైన యంత్రపు నూనె లోపలికి దిగుచున్నది. తెల్లబారి పొక్కినట్లున్న యంత్రము మితిమీరి వేడెక్కుచున్నది.

పాత కార్బురేటరు బండ్లలో రవ్వను పరీక్షించుట సులభము. ప్లగ్గును టోపీలో నుంచి, దాని లోహభాగమును యంత్రపు లోహమునకు గట్టిగా ఆనించి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా పట్టి కిక్కు తన్నించవలెను. నీలిరవ్వ టక్కున దూకవలెను. చేతితో రబ్బరు టోపీనే పట్టవలెను. ఆ విద్యుత్తు వేలకొలది వోల్టులది. రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి వచ్చుచుండును గాన దూరముగా ననుమాట మరువరాదు. దేశమందు 2020 ఏప్రిలు 1వ తేదీనుండి బి.ఎస్.6 నిబంధన లమలయిన పిమ్మట క్రొత్తబండ్లలో కార్బురేటరు దాదాపు కనుమరుగైనది. పెట్రోలును మీటరువలె కొలిచి చిమ్ము పద్ధతి వచ్చినది. అట్టిబండ్లకు పై పరీక్ష చేయరాదు. వానిలోని విద్యుత్ పరికరము చెడవచ్చును. తాళము త్రిప్పగానే పంపు సన్నగా హుమ్మను ధ్వని వినవచ్చునా, హెచ్చరిక దీపము వెలిగి ఆరిపోవునా యని మాత్రము చూచి, లేనిచో పనివానికి చూపవలెను. ఎక్కడ చేయి ఆపవలెనో తెలియుట కూడ విద్యయే.

దారిలో తరచుగా కలుగు వింతదోష మొకటి చెప్పెదను. బండి కొంతదూరము చక్కగా పోయి ఆగును. పావుగంట యైనపిమ్మట మరల కదలును, మరల ఆగును. టాంకిమూత తీయుడు. బుస్సున గాలి లోపలికి పోయినచో మూతలోని సన్నని గాలిరంధ్రము మూసికొన్నదని యర్థము. చెంబుమూతిని అరచేత మూసి వంచిన నీరు రానట్లు, గాలి పోనిదే పెట్రోలు దిగదు. రంధ్రమును శుభ్రపరచిన చాలును.

పొగను చూచి నిప్పు నూహించుట తర్కమున మొదటి పాఠము. ఇచ్చట పొగ వన్నెను చూచి రోగము నూహింపవచ్చును. చలి ఉదయమున కొంచెముసేపు తెల్లని ఆవిరి వచ్చుట సహజము. నల్లపొగ పెట్రోలు వ్యర్థముగా పోవుచున్నదని తెలుపును. నీలిపొగ నూనె మండుచున్నదని తెలుపును, దానిని ఉపేక్షింపరాదు.

ఇక నిత్యసంరక్షణము. రోగము వచ్చిన పిదప చేయు వైద్యముకంటె రాకుండ చేయు పథ్యము మేలు గదా.

మొదటిది నూనె. యంత్రమాగిన కొన్ని నిమిషములకు, బండి నిటారుగా నున్నప్పుడు, గాజుకిటికీలోగాని కొలతపుల్లతోగాని మట్టమును చూడవలెను. తక్కువైన ప్రమాదము, ఎక్కువైనను మేలు కాదు. బండితో నిచ్చిన చిన్నపుస్తకమున చెప్పిన నూనెనే, చెప్పినన్ని కిలోమీటర్లకు మార్చవలెను. తీసిన పాతనూనెను కాలువలో, బావిగట్టున పోయరాదు. అది నీటిని చాలకాలము పాడుచేయును. డబ్బాలో పట్టి మరమ్మతుశాలకు ఇచ్చుట తగును.

రెండవది గొలుసు. సుమారు 500 కిలోమీటర్లకొకమారు, వానలో బురదలో తిరిగినచో అంతకుముందే, కిరసనాయిలుతో తుడిచి, ఆరిన పిదప గొలుసునూనె వేయవలెను. నడిమిభాగమును వ్రేలితో మీదికి క్రిందికి కదల్చిన సుమారు 25 మొదలు 30 మిల్లీమీటర్ల ఆట యుండుట పెక్కుబండ్లకు సరిపడును. మీ బండిపుస్తకము చెప్పినదే ప్రమాణము. వదులైన గొలుసు జారి చక్రమును బిగియబట్టును. మితిమీరి బిగించిన బేరింగులను తినివేయును. చక్రమును త్రిప్పుచు నాలుగుచోట్ల చూడవలెను. గొలుసు అన్నిచోట్ల ఒకేరీతి అరుగదు. బిగించునప్పుడు ఇరువైపుల గీతలు సమానముగా నుండవలెను, లేనిచో చక్రము వంకరగా నడచును. యంత్రము నడుచుచుండగా గొలుసును గుడ్డతో తుడువరాదు. గుడ్డతోపాటు వ్రేళ్లు పోవును. ఇది యొక్కటియైనను మీ పిల్లలకు గట్టిగా చెప్పుడు.

మూడవది చక్రములు. గాలిని ఉదయమున, బండి నడుపకమునుపే, చల్లగానున్నప్పుడు కొలువవలెను. నా బండిపుస్తకమున ఒక్కడెక్కినప్పుడు ముందు 20, వెనుక 30; ఇద్దరెక్కినప్పుడు ముందు 22, వెనుక 32 పౌండ్లని యున్నది. టైరు గాడులలో నుండు చిన్న గుర్తుమిట్టవరకు అరిగినచో డబ్బు చూడక మార్చవలెను. చక్రమునకు ఊచలున్నచో చిన్న పానాతో ఒక్కొక్కదానిని తట్టి వినుడు. బిగువైనది తంబురతీగవలె మ్రోగును. వదులైనది డుబ్బని మూగగా పలుకును. భజనలో శ్రుతి తెలిసిన మీ చెవికి ఇది పెద్దపని కాదు.

నాలుగవది బ్రేకు. అన్నిటికంటె ముఖ్యమైనదానిని నాలుగవదిగా చెప్పుటచే తక్కువ యనుకొనరాదు. డ్రమ్ము బ్రేకునకు మీట కొంచెమాడిన పిదప పట్టవలెను. అరుగుదల గుర్తు హద్దు దాటిన లోపలి పట్టీలు మార్పింపవలెను. ఆ దుమ్మును నోటితో ఊదరాదు, ఊపిరితిత్తులకు చేటు. డిస్కు బ్రేకులోని ద్రవము గాలిలోని తేమను పీల్చును. తేమపట్టినది వేడికి ఆవిరియై, అవసరసమయమున బ్రేకు పట్టదు. కావున రెండేండ్ల కొకమారు మార్పింపవలెను. డిస్కుమీద నూనెచుక్క పడనీయరాదు. నిరుడు కార్తికమున మనుమనితో దోర్నాలమీదుగా శ్రీశైలము పోయి వచ్చితిని. నల్లమల కొండ దిగునప్పుడు బ్రేకునే పట్టుకొని దిగిన అది వేడెక్కి బలము కోల్పోవును. తక్కువ గేరులో నుంచిన యంత్రమే బండిని పట్టి యుంచును. కొండ దిగు ఎడ్లబండికి మోకాలు పట్టు ఎడ్లవంటిది ఆ గేరు.

అయిదవది బ్యాటరి. తీగలుచేరు కొనలయందు తెల్లనిపొడి పట్టినచో విద్యుత్తు సరిగా పారదు. విప్పునప్పుడు ముందు ఋణపుకొనను, బిగించునప్పుడు దానిని కడపట బిగింపవలెను. తుడిచి కొంచెము వాసెలిన్ పూసిన చాలును. విశ్రాంతిగానున్న మంచి బ్యాటరి 12.6 వోల్టుల దాపున చూపును; 12 వోల్టులకు తగ్గిన బలహీనమైనది. నీరుపోయు రకమునకు బట్టీపట్టిన శుద్ధజలమే పోయవలెను గాని బావినీరు కాదు.

ఇక పెట్రోలు. దేశమున 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట వాడుకయైనది. ఇథనాలు నీటిని ఆకర్షించును. నీరు మితిమీరిన అవి రెండును కలసి పెట్రోలునుండి విడిపోయి అడుగునకు దిగును. కావున బండిని నెలలకొలది కదల్చక నిలిపియుంచరాదు. నిలుపక తప్పనిచో టాంకిని నిండుగా నుంచి, కార్బురేటరు గిన్నెను ఖాళీచేసి, చూరుక్రింద నిలుపుడు. మూత వలయము నొకమారు చూడుడు. పది పదునైదు దినముల కొకమారైనను కొంతదూరము నడిపింపుడు. పనిలేని ఎద్దు బిగిసిపోయినట్లు పనిలేని యంత్రమును బిగిసిపోవును.

దూరప్రయాణమునకు వెంట నుంచవలసినవి: ఒక ప్లగ్గు, ఒక క్లచ్చి తీగ, ఫ్యూజులు, పంక్చరు సామాను, గాలిపంపు, గొలుసు లంకె, సరిపడు పానాలు, చేతిదీపము. బరువు ఎక్కువ కాదు. ఇవిగాక ఒక చిన్న నోటుపుస్తకము. తేదీ, కిలోమీటర్లు, చేసినపని, మూడే మాటలు వ్రాయుడు. ఏడాది యైన పిదప ఆ పుస్తకమే మీకు గురువగును.

కవాటములు విప్పుట, చట్రమునకు పగులు వచ్చిన అతుకుట, క్రొత్తబండ్ల విద్యుత్ పరికరములు తెరచుట, ఇవి యింటివద్ద చేయదగినవి కావు. ఇంటివైద్యమునకు హద్దున్నట్లే దీనికిని హద్దు కలదు. మనము చేయవలసినది చూచుట, వినుట, తుడుచుట, బిగించుట, సకాలమున పనివాని నడుగుట.

కడపట నొకమాట. నాడు పాముకాటునకు గురియైన రైతు నేటికిని మా వీధిలోనే యున్నాడు. అతడు నన్ను పల్లెత్తు మాటయైన ననలేదు. అతని భార్య మాత్రము ఎదురుపడినప్పుడెల్ల నవ్వుచు, “పంతులుగారూ, బండి బాగుందా?” అని అడుగును. అందు ఎత్తిపొడుపు లేదు. అది ఆమెకు కుశలప్రశ్నయే. కాని నాకు మాత్రము ఆ ప్రశ్న ప్రతిమారును పరీక్షయే. నాడు తలవంచుకొంటిని. ఇప్పుడు ప్రతి ఆదివారము ఉదయమున అరగంటసేపు బండిని చూచుకొని, “బాగున్నదమ్మా, ఏ వేళ కావలసినను పిలువుము” అని చెప్పగలుగుచున్నాను.

మీ యింటి ముంగిటనున్న బండిని గూర్చి మీరును అట్లు చెప్పగలుగవలెనని నా కోరిక.